లీగ్ కళకళ... జట్టు వెలవెల!

లండన్‌లో ఆ రాత్రి ఒకటే వాన. 2007 నవంబరు 21. కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో 88 వేల మంది గొడుగులూ కోట్లూ సర్దుకుని కూర్చున్నారు. ఇంగ్లండ్, క్రొయేషియా మ్యాచ్. యూరో 2008లో ఆడాలంటే ఇంగ్లండ్ గెలవాల్సిన పని కూడా లేదు. డ్రా చేసుకుంటే చాలు!

ఎనిమిదో నిమిషంలో క్రొయేషియా కుర్రాడు నికో క్రాంచార్ చాలా దూరం నుంచే బంతిని తన్నాడు. అదేమంత భయపెట్టే షాట్ కాదు. కానీ తడిసిన గడ్డి మీద బంతి ఒక్క గెంతు గెంతింది. గోల్‌కీపర్ స్కాట్ కార్సన్ చేతులకు తగిలి లోపలికి పోయింది. అతనికప్పుడు 22 ఏళ్లు. అసలు సిసలు పోటీ మ్యాచ్‌లో దేశం తరఫున గోలు ముందు నిలబడటం అదే మొదటిసారి. మరో ఆరు నిమిషాలకు ఒలిచ్ ఇంకో గోల్ కొట్టాడు. రెండో సగంలో లాంపార్డ్, క్రౌచ్ చెరోటి కొట్టి లెక్క సరిచేశారు. హమ్మయ్య అనుకునేలోపు పెట్రిచ్ దూరం నుంచి బాదిన బంతి నెట్‌ను తాకింది. 3-2. గొడుగు పట్టుకుని గీత పక్కన నిలబడిన కోచ్ స్టీవ్ మెక్‌లారెన్ ఫొటో మర్నాడు అక్కడి పత్రికల నిండా! ఉద్యోగం కూడా ఆ మర్నాడే పోయింది.

ప్రపంచంలోకెల్లా ధనిక ఫుట్‌బాల్ లీగ్ ఉన్న దేశం యూరప్ పండక్కి వెళ్లలేకపోయింది. ఎవరి తప్పు? కోచ్‌ని తిట్టినవాళ్లు తిట్టారు. మిగతావాళ్ల వేళ్లన్నీ ఒకవైపే చూపించాయి... 'లీగ్ నిండా విదేశీయులే. మన కుర్రాళ్లకు చోటెక్కడిది? దేశం జట్టు బలహీనపడక ఏమవుతుంది?'

వాదన బాగానే ఉంది కదూ. మనకైతే మరీ తేలిగ్గా అర్థమవుతుంది. ఐపీఎల్‌లో ఒక జట్టు తరఫున నలుగురికి మించి విదేశీయులు బరిలోకి దిగకూడదన్న నిబంధన ఎందుకు పెట్టారు? అది లేకపోతే హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో మొదలుపెట్టిన సిరాజ్‌కి 2017లో సన్‌రైజర్స్ జట్టులో చోటు దొరికేదా అన్నది అనుమానమే. అదే ఏడాది నవంబరులో అతను భారత జట్టులోకి వచ్చేశాడు. లీగ్‌లో చోటు, దేశం జట్టులో చోటు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని మనకు తెలుసు.

మరి ఫుట్‌బాల్‌లోనూ అంతేనా? లెక్కలు తీస్తే కథ కాస్త తిరకాసుగా ఉంది.

పదమూడు మందితో మొదలై...

ప్రీమియర్ లీగ్ 1992 ఆగస్టులో మొదలైంది. తొలి వారం 22 జట్లు బరిలోకి దిగితే, మొత్తమ్మీద బ్రిటన్, ఐర్లండ్‌ల బయటివాళ్లు 13 మందే. ఆ తర్వాత మూడేళ్లకు ఒక బెల్జియం ఆటగాడు వేసిన కేసు యూరప్ ఫుట్‌బాల్‌నే మార్చేసింది. అతని పేరు జాన్ మార్క్ బోస్‌మన్. 1990లో లీజ్ క్లబ్బుతో ఒప్పందం ముగిశాక ఫ్రాన్స్‌లోని డంకర్క్ జట్టుకు వెళతానన్నాడు. డబ్బు చెల్లిస్తేనే వదులుతామంది పాత క్లబ్బు. ఒప్పందం అయిపోయాక కూడా నామీద మీకు హక్కేమిటని అతను కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పుతోపాటే యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్ల మీద ఉన్న పరిమితులు కూడా కొట్టుకుపోయాయి. పనివాడికి దేశాల మధ్య హద్దులు లేనప్పుడు ఆటగాడికి మాత్రం ఎందుకుండాలి!

ఇక తలుపులు బార్లా తెరుచుకున్నాయి. 1999 డిసెంబరు 26న సౌతాంప్టన్‌తో మ్యాచ్‌కి చెల్సీ దింపిన పదకొండు మందిలో బ్రిటన్‌వాడు ఒక్కడూ లేడు. ఇంగ్లిష్ లీగ్ చరిత్రలో అదే మొదటిసారి. మ్యాచ్ మాత్రం 2-1తో గెలిచారు. 2005 ఫిబ్రవరి 14న ఆర్సెనల్ ఇంకో మెట్టెక్కింది. బెంచీ మీది వాళ్లతో కలిపి మొత్తం 16 మందీ విదేశీయులే. క్రిస్టల్ ప్యాలెస్‌ను 5-1తో చిత్తు చేశారు. చూడాల్సింది పాస్‌పోర్టు కాదు ఆట అన్నది కోచ్ ఆర్సెన్ వెంగర్ వాదన. స్టేడియం నిండుతోంది, కప్పులు వస్తున్నాయి. క్లబ్బు అభిమానికి ఇంకేం కావాలి?

అంటే విదేశీయులు పెరిగారు, ఇంగ్లండ్ చతికిలపడింది. లెక్క తేలిపోయినట్టేనా? ఆగండాగండి. కాస్త పాత పేపర్లు తిరగేద్దాం.

1973 అక్టోబరు 17. అదే వెంబ్లీ, కాకపోతే పాత స్టేడియం. పోలండ్ మీద గెలిస్తే ఇంగ్లండ్ ప్రపంచకప్‌కి వెళుతుంది. పోలండ్ గోల్‌కీపర్ టొమషెవ్‌స్కీని ఇంగ్లండ్‌లో ఓ కోచ్‌గారు టీవీలో జోకర్ అని ఎగతాళి చేశారు. ఆ జోకరే ఆ రాత్రంతా గోడలా నిలబడిపోయాడు. 1-1. ఇంగ్లండ్ ఇంటికే పరిమితం. 1978 ప్రపంచకప్‌కీ అర్హత సాధించలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లిష్ లీగ్‌లో విదేశీయులు దాదాపు లేరు. 1931 నుంచి ఉన్న ఓ నిబంధన వాళ్లను రానిచ్చేదే కాదు. 1978లో ఆ నిబంధన తీసేశాకే అర్జెంటీనావాళ్లు ఆర్డిలెస్, విల్లా టోటెన్‌హామ్‌కి వచ్చారు. లీగ్ అంతా మనవాళ్లే అయినప్పుడు కూడా జట్టు వరసగా రెండు ప్రపంచకప్పులకు దూరమైంది. అప్పుడు తప్పు మోపడానికి పరాయివాడు కూడా లేడు పాపం!

ఎంతమంది కాదు... ఎక్కడ?

మళ్లీ ఆ వానరాత్రికి వద్దాం. టెర్రీ, రూనీ, ఓవెన్ లాంటివాళ్లు అందుబాటులో లేకపోయినా ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డ్ చూడండి. లాంపార్డ్, జెరార్డ్, జో కోల్. ఒకరు చెల్సీ, ఇంకొకరు లివర్‌పూల్, మరొకరు మళ్లీ చెల్సీ. ఏ దేశమైనా అసూయపడే వరస అది. విదేశీ ఆటగాళ్ల వరద వాళ్లను ముంచేయలేదు. పైగా వారం వారం ప్రపంచ మేటి ఆటగాళ్లతో తలపడి ఇంకా రాటుదేలారు.

ఇప్పుడు గోల్‌పోస్టు దగ్గరకు రండి. ఆ సీజన్లో నాలుగు పెద్ద క్లబ్బుల గోల్‌కీపర్లు ఎవరు? మాంచెస్టర్ యునైటెడ్‌కి వాన్‌డెర్ సార్... డచ్. చెల్సీకి చెక్ దేశపు పీటర్ చెక్. లివర్‌పూల్‌కి స్పెయిన్‌వాడు రెయినా. ఆర్సెనల్‌లో జర్మనీ లేమన్‌దీ స్పెయిన్ అల్మూనియాదీ ఆ చోటు. అంటే నాలుగు పెద్ద గుమ్మాల్లో ఒక్కదాని ముందూ ఇంగ్లండ్ కాపలాదారు లేడు. కార్సన్ కూడా లివర్‌పూల్ మనిషే. కానీ అక్కడ చోటు లేక ఆస్టన్ విల్లాకు లోన్ మీద వెళ్లి ఆడుతున్నాడు. 2010 ప్రపంచకప్‌లో అమెరికా మీద రాబర్ట్ గ్రీన్ చేతుల్లోంచి బంతి జారిపోయినప్పుడూ ఇదే చర్చ.

నాకైతే అసలు కిటుకు ఇక్కడే ఉందనిపిస్తుంది. లీగ్‌లో మనవాళ్లు ఎంతమంది అని తల లెక్కపెడితే ఏమీ తేలదు. ఏ స్థానంలో మనవాడు లేడన్నదే ప్రశ్న. పదకొండులో ఒక చోటు ఖాళీ అయితే మిగతా పదిమంది ఎంత మొనగాళ్లయినా ఎనిమిదో నిమిషంలో గోల్ పడిపోతుంది.

స్పెయిన్ కుర్రాడు 'స్థానికుడే'!

ఓటమి తర్వాత నిబంధనలు వచ్చాయి. 2010-11 నుంచి ప్రీమియర్ లీగ్ క్లబ్బులు తమ 25 మందిలో 17 మందికి మించి బయట తయారైనవాళ్లను పెట్టుకోకూడదు. మిగతావాళ్లు 'స్థానికంగా తయారైనవాళ్లు' కావాలి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ స్థానికుడంటే ఎవరు? 21 ఏళ్లు నిండేలోపు మూడేళ్లు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బులో ఉంటే చాలు. ఏ దేశంవాడైనా ఫరవాలేదు. అప్పటి యూరోపియన్ చట్టాలు పుట్టిన దేశం చూసి అడ్డుకోనిచ్చేవి కావు మరి.

ఆ లెక్కన సెస్క్ ఫాబ్రెగాస్ స్థానికుడు. 2003లో బార్సిలోనా నుంచి పదహారేళ్లప్పుడు ఆర్సెనల్‌కి వచ్చాడు కాబట్టి. ఆ 'స్థానికుడే' 2010 జులైలో ప్రపంచకప్ ఫైనల్లో ఇనియెస్టాకి బంతి అందించాడు. ఆ గోల్‌తో స్పెయిన్ జగజ్జేత అయింది. ఇంగ్లండ్‌వాళ్లు టీవీలో చూశారు!

జర్మనీ దారి వేరు. యూరో 2000లో గ్రూపులో ఆఖరి స్థానంలో నిలిచి తల దించుకున్నాక, పెద్ద లీగ్‌లోని ప్రతి క్లబ్బూ సొంత అకాడమీ నడపాల్సిందేనన్నారు. చిన్న ఊళ్లలోని పిల్లల కోసం దేశమంతటా శిక్షణ కేంద్రాలు తెరిచారు. అలాగని విదేశీయులను ఆపారా? లేదు. 2001 ఏప్రిల్‌లో కాట్‌బస్ అనే క్లబ్బు పదకొండు మందీ విదేశీయులతోనే ఆడింది. ఆ గోల పక్కన పెట్టి పిల్లల మీద పెట్టిన శ్రద్ధకు ఫలితం 2014లో అందింది. సెమీస్‌లో బ్రెజిల్ మీద 7-1, ఆపైన కప్పు. (ఆ తర్వాత 2018, 2022ల్లో తొలి దశలోనే ఇంటికొచ్చేశారనుకోండి. ఏ మందూ జీవితకాలం పనిచేయదు.)

కోల్‌కతా సాక్షి

ఇంగ్లండ్ కూడా చివరికి ఆ బాటే పట్టింది. 2012లో అకాడమీలను నాలుగు తరగతులుగా విడగొట్టి, పిల్లలకు ఎన్ని గంటల శిక్షణ, ఎలాంటి కోచ్‌లు అని కట్టుదిట్టం చేశారు. అదే ఏడాది బర్టన్ దగ్గర సెయింట్ జార్జెస్ పార్క్ పేరుతో జాతీయ శిక్షణ కేంద్రం తెరుచుకుంది. దాని పంటను కళ్లారా చూసింది ఎవరో తెలుసా? మనవాళ్లే!

2017 అక్టోబరు 28. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియం. అండర్-17 ప్రపంచకప్ ఫైనల్. 66 వేలకు పైగా జనం. అరగంట దాటేసరికి స్పెయిన్ 2-0 ముందంజ. 'మళ్లీ అదే కథ' అనుకున్నారంతా. కానీ బక్కపలచని ఓ కుర్రాడు రెండో సగంలో స్పెయిన్ రక్షణను బొంగరంలా తిప్పేశాడు. పేరు ఫిల్ ఫోడెన్. చిన్నప్పటి నుంచీ మాంచెస్టర్ సిటీ అకాడమీలో పెరిగినవాడు. రెండు గోల్స్ అతనివి, ఒకటి డిఫెండర్ మార్క్ గెహీది. ఇంగ్లండ్ 5-2తో గెలిచింది. ఆ ఫోడెన్, ఆ గెహీ 2024 యూరో ఫైనల్లో పెద్దల జట్టు తొలి పదకొండు మందిలో ఉన్నారు. 2018లో ప్రపంచకప్ సెమీస్, 2021లో జరిగిన యూరో ఫైనల్, మళ్లీ 2024 ఫైనల్. కప్పు చేతికి రాకపోయినా వానలో గొడుగు పట్టుకునే రోజులు పోయాయి.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే... ఈ పదేళ్లలో ప్రీమియర్ లీగ్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్ల వాటా పెద్దగా పెరగనే లేదు. 2007-08లో మొత్తం ఆట సమయంలో వాళ్లది మూడో వంతుకు కాస్త ఎక్కువ. 2013-14లో మూడో వంతుకు కాస్త తక్కువ. సంఖ్య అక్కడే ఉంది, ఆట మారింది.

మరి పెద్ద లీగ్‌లో చోటు లేని కుర్రాళ్లు ఎక్కడ రాటుదేలారు? గోల్‌కీపర్ జోర్డాన్ పిక్‌ఫోర్డ్ కథ వింటే తెలుస్తుంది. సండర్లాండ్ అకాడమీ పిల్లాడు. డార్లింగ్టన్, ఆల్ఫ్రెటన్, బర్టన్, కార్లైల్, బ్రాడ్‌ఫర్డ్, ప్రెస్టన్... ఇలా ఆరు చిన్న క్లబ్బులకు లోన్ మీద పంపారు. బురద మైదానాలు, మోచేత్తో పొడిచే మొరటు స్ట్రైకర్లు. ఆ చదువు ఏ అకాడమీలోనూ దొరకదు. 2018 ప్రపంచకప్‌లో కొలంబియా మీద పెనాల్టీ షూటౌట్‌లో బంతిని ఆపింది ఆ చెయ్యే. ప్రపంచకప్ షూటౌట్‌లో ఇంగ్లండ్ గెలవడం అదే మొదలు. హ్యారీ కేన్‌నీ ఇలాగే లేటన్ ఓరియెంట్‌కీ మిల్‌వాల్‌కీ పంపారు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ కింద మరో మూడు డివిజన్లున్నాయి. నాలుగూ కలిపి 92 క్లబ్బులు. పైన చోటు లేనివాడికి కింద ఆట దొరుకుతుంది. జూడ్ బెల్లింగ్‌హామ్ పదహారేళ్లకే బర్మింగ్‌హామ్ సిటీకి ఆడింది రెండో డివిజన్లోనే.

కింద చోటు లేకపోతే పక్క దేశమైనా ఫరవాలేదు. వెంబ్లీలో ఇంగ్లండ్‌ని ఏడిపించిన క్రొయేషియానే చూడండి. నలభై లక్షల లోపు జనాభా. 2018లో ఫైనల్ దాకా వెళ్లిన 23 మందిలో సొంత లీగ్‌లో ఆడేవాళ్లు ఇద్దరే! మోడ్రిచ్ లాంటివాళ్లు అక్కడ పెరిగి, పైచదువులకన్నట్టు బయటి లీగ్‌లకు వెళ్లిపోయారు. అంటే కుర్రాడికి కావాల్సింది సొంత దేశపు లీగే కాదు. గట్టి ఆట, వారం వారం ఆట. ఎక్కడైనా సరే.

మన ముంగిట్లో...

ఇదంతా చదివి 'మనకెందుకీ గోల' అనుకుంటున్నారా? నిజానికి ఈ గోల మనదే. కాదు కాదు... గోల్ లేకపోవడమే మన గోల.

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. మొదట్లో విదేశీయులు సగానికి పైగా ఉండేవాళ్లు. 2017-18 నుంచి బరిలో ఐదుగురికి, 2021-22 నుంచి నలుగురికి తగ్గించారు. అంటే పదకొండులో ఏడుగురు మనవాళ్లే. ప్రీమియర్ లీగ్‌తో పోలిస్తే ఎంత నయం! మరి దేశం జట్టు కళకళలాడాలి కదా?

ఆ నలుగురినీ క్లబ్బులు ఎక్కడ పెట్టుకుంటాయో చూడండి. కోచ్ ఉద్యోగం నాలుగు మ్యాచ్‌ల మీద వేలాడుతుంటుంది. డబ్బు పోసి తెచ్చుకునేది గోల్ కొట్టేవాడినే. ఆనక బంతిని నడిపే మిడ్‌ఫీల్డర్‌ని, వెనక ఓ డిఫెండర్‌ని. మన కుర్రాడు స్ట్రైకర్‌గా పుట్టినా అంచుకు జరిగి, ఆ విదేశీ స్ట్రైకర్‌కి బంతులు అందించే పనిలో పడతాడు. ఫలితం... 2014 నుంచి 2024-25 దాకా పదకొండు సీజన్లు జరిగితే, ప్రతిసారీ అత్యధిక గోల్స్ వీరుడికిచ్చే గోల్డెన్ బూట్ విదేశీయుడికే వెళ్లింది. ఎలానో, కోరో, ఒగ్బెచే, అజరాయ్... పదకొండుకి పదకొండు!

దీనికి తిరగేసిన కథ మన గోల్‌పోస్టు దగ్గరుంది. లీగ్ మొదట్లో విదేశీ గోల్‌కీపర్లను తెచ్చుకున్న క్లబ్బులు, కోటా తగ్గేకొద్దీ ఆ చోటు మనవాళ్లకు వదిలేశాయి. అలా ఆ స్థానంలో మనకు గుర్‌ప్రీత్ సింగ్ సంధూ, అమరిందర్, విశాల్ కైత్ అని వరసగా పేర్లు చెప్పుకునే భాగ్యం దక్కింది. 2019 సెప్టెంబరులో దోహాలో ఆసియా చాంపియన్ ఖతార్‌ని మనం 0-0తో నిలువరించామంటే అది గుర్‌ప్రీత్ చేతుల చలవే. ఇంగ్లండ్‌కి 2007లో ఏ చోటు ఖాళీయో అక్కడ మనం నిండుగా ఉన్నాం. వాళ్లు నిండుగా ఉన్నచోట మనం ఖాళీ.

2024 జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం. ఒక్క గోల్ కూడా లేదు. ఆ ఏడాది జూన్‌లో సునీల్ ఛెత్రి 94 గోల్స్‌తో వీడ్కోలు తీసుకున్నాడు. ఏడాదంతా జట్టుకు ఒక్క గెలుపూ దక్కలేదు. చివరికి 2025 మార్చిలో నలభయ్యేళ్ల ఛెత్రిని బతిమాలి వెనక్కి పిలిచారు. షిల్లాంగ్‌లో మాల్దీవులపై వచ్చీరాగానే తలతో ఒక గోల్ కొట్టాడాయన. చప్పట్లు కొట్టాలో సిగ్గుపడాలో తెలియని సందర్భం అది. అప్పటికి సాగుతున్న లీగ్ సీజన్లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ కూడా ఆయనవే. పాతికేళ్లవాళ్లేరీ? హాంకాంగ్ మీద ఓటమి, అక్టోబరులో గోవాలో సింగపూర్ మీద 1-2 ఓటమి. 2027 ఆసియా కప్ తలుపులు మూసుకుపోయాయి. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం. ఆ బంగ్లా జట్టుకు వెన్నెముక హంజా చౌధురి. ఎక్కడ తయారయ్యాడనుకున్నారు? ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ అకాడమీలో!

విదేశీయులను తీసేస్తే సరిపోతుందా అంటే, 1973 నాటి వెంబ్లీ వద్దంటుంది. మంచి డిఫెండర్‌ని ఎదుర్కోకుండా మంచి స్ట్రైకర్ తయారవడు. కానీ మన దగ్గర పిక్‌ఫోర్డ్‌ని పంపినట్టు పంపడానికి ఆరు క్లబ్బులేవి? కింది లీగ్‌లు నామమాత్రం. పైన బెంచీ మీద కూర్చున్న ఇరవయ్యేళ్లవాడు అక్కడే కూర్చుని పాతికేళ్లవాడవుతున్నాడు.

హైదరాబాద్ గుర్తుల్లో...

ఈ మాట చెప్పుకోవడానికి మన భాగ్యనగరం కన్నా తగిన చోటు లేదు. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు ఆయనే కోచ్. అందులో హైదరాబాదీలు ఒకరా ఇద్దరా! సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ అప్పుడే వెలుగులోకి వచ్చాడు.

1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. రహీమ్ సాబ్ అప్పటికే జబ్బు మనిషి. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ని ఆయన ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ ఎవరనుకున్నారు? డిఫెండర్! పి.కె.బెనర్జీ ఒక గోల్ కొడితే, రెండోది జర్నైల్ కొట్టాడు. 2-1. స్వర్ణం మనదే. మర్నాటి ఏడాది జూన్‌లో రహీమ్ కన్నుమూశారు.

అరవయ్యేళ్ల తర్వాత, 2022 మార్చిలో, హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. ఫైనల్లో ఓటమి అంచున సమం చేసిన గోల్ సాహిల్ తవోరాది. షూటౌట్‌లో ఆపింది గోల్‌కీపర్ కట్టిమణి. ఇద్దరూ మనవాళ్లే. సీజన్ మొత్తమ్మీద జట్టును మోసింది మాత్రం 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. అప్పటి కోచ్ మనోలో మార్కెజే తర్వాత భారత జట్టు కోచ్ అయ్యాడు. ఛెత్రిని వెనక్కి పిలిచిందీ ఆయనే. ఇక ఆ క్లబ్బు సంగతంటారా... 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.